అబ్దుల్లాహ్ ఫిల్బీ కుమారుడు

1960 సెప్టెంబరు 30న బైరూత్ నగరంలో ఒక వృద్ధ ఆంగ్లేయుడు మరణించాడు. ఆయనను అక్కడి బాషూరా ముస్లిం ఖబరస్తానులో ఇస్లామీయ పద్ధతి ప్రకారం ఖననం చేశారు. ఆయన పేరు హారీ సెయింట్ జాన్ ఫిల్బీ. ముప్ఫై సంవత్సరాలుగా అరబ్బులకు ఆయన అబ్దుల్లాహ్. అరేబియా అన్వేషకులలో ఆయనే అగ్రగణ్యుడనే అర్థం వచ్చే మాటను సమాధిఫలకంపై చెక్కించినవాడు ఆయన కుమారుడు కిమ్. అప్పట్లో ఆ కుమారుడు బైరూత్‌లో లండన్ పత్రికల విలేఖరి. చాటున బ్రిటిష్ గూఢచారి సంస్థకు వార్తలు చేరవేసేవాడు. ఆ చాటుకు కూడా చాటున, ఇరవై ఆరు సంవత్సరాలుగా, అతడు సోవియట్ రష్యా మనిషి.

ఇరవయ్యవ శతాబ్దపు గూఢచారులలో కిమ్ ఫిల్బీ గురించి వ్రాసినన్ని పుస్తకాలు మరొకరి గురించి వచ్చి ఉండవు. వాటిలో చాలావాటికి తండ్రి కథ ఒక వింత పీఠిక మాత్రమే. అరబ్ ప్రపంచ చరిత్ర చదివేవారికి మాత్రం తండ్రిని విడిచి కొడుకును అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

సెయింట్ జాన్ ఫిల్బీ 1885లో సింహళంలో జన్మించాడు. కేంబ్రిడ్జ్‌లో చదివి, 1908లో ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి పంజాబుకు వచ్చాడు. ఉర్దూ, పంజాబీ, ఫార్సీ, ఆపైన అరబీ నేర్చాడు. 1912 జనవరి 1న అంబాలాలో కుమారుడు పుట్టాడు. హెరాల్డ్ ఏడ్రియన్ రస్సెల్ అని నామకరణం చేశారు. ఆ బాలుడు నౌకర్లతో పంజాబీలో మాట్లాడుతుండగా చూసి, కిప్లింగ్ నవలలోని బాలగూఢచారి పేరుతో తండ్రే అతణ్ణి కిమ్ అని పిలిచాడంటారు. ఆ పేరే స్థిరపడింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫిల్బీని ఇరాక్‌కు పంపారు. 1917లో నజ్ద్ పాలకుడు అబ్దుల్ అజీజ్ ఇబ్నె సఊద్ వద్దకు బ్రిటిష్ దూతగా వెళ్ళాడు. ఆ పరిచయం ఆయన జీవితాన్నే మార్చివేసింది. అరబ్బులకు ఇచ్చిన మాటను బ్రిటన్ నిలుపుకోలేదని ఆయన బాహాటంగా అనేవాడు. ఈ మాటలో తప్పు లేదు. పైఅధికారులతో పడక సర్కారీ ఉద్యోగం వదులుకుని 1926లో జిద్దాలో వ్యాపారం పెట్టాడు, ఫోర్డ్ మోటారు కార్లు అమ్మాడు. 1930 ఆగస్టులో ఇస్లాం స్వీకరించాడు. అబ్దుల్లాహ్ అన్న పేరు ఇబ్నె సఊద్ పెట్టినదే. 1932 తొలి నెలలలో రుబుల్ ఖాలీ అనే మహా ఎడారిని దాటాడు. అరేబియాలో ఆయన కనుగొన్న ఒక కౌజుపిట్ట జాతికి నేటికీ ఆయన పేరే ఉంది.

ఆయన ఇస్లాం స్వీకారం వ్యాపారం కోసమా, మక్కా ప్రవేశం కోసమా, విశ్వాసంతోనా అని పాశ్చాత్యులు చాలా తర్కించారు. హృదయాలలో ఉన్నది అల్లాహ్‌కు తెలుసు. ఆ తీర్పు ఇవ్వడం మన పని కాదు. అయితే ఆయన చేసిన పనులను మాత్రం చూడవచ్చు. 1933 మే 29న కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీకి సఊదీ అరేబియా చమురు హక్కులు దక్కాయి. ఆ బేరం నడుస్తున్నంత కాలం ఫిల్బీ రాజుకు ఆంతరంగిక సలహాదారు. అదే సమయంలో ఆ అమెరికా కంపెనీ నుండి రహస్యంగా జీతం పుచ్చుకున్నాడు. పోటీగా వచ్చిన బ్రిటిష్ కంపెనీ ప్రతినిధి కూడా ఆయనను తనవాడనుకుని మనసు విప్పి మాట్లాడేవాడు. 1939లో ఇంకొక పథకం తెచ్చాడు. పాలస్తీనాను యూదులకు వదలివేస్తే ఇబ్నె సఊద్‌కు రెండు కోట్ల పౌన్లు ముట్టజెప్పాలని సియోనిస్టు నాయకుడు వైజ్‌మన్‌తో మంతనాలు జరిపాడు. తనకు లంచం ఇవ్వజూశారని రాజు తరువాత అమెరికా దూత ముందు ఆగ్రహించాడు. ఒకే సమయంలో రెండు వైపుల వారికీ తమవాడిగా కనిపించే విద్య ఆ ఇంట్లో కొడుకుతో మొదలైనది కాదు.

కిమ్ 1929లో కేంబ్రిడ్జ్ ట్రినిటీ కళాశాలలో చేరాడు. ఐరోపాలో ఆర్థిక మాంద్యం, నిరుద్యోగం, ఫాసిజం పెరుగుతున్న రోజులవి. పెద్ద కుటుంబాల బిడ్డలు పలువురు కమ్యూనిజం వైపు మొగ్గారు. 1933లో అతడు వియన్నా వెళ్ళి, ప్రభుత్వం వేటాడుతున్న కార్మికులకు సహాయం చేశాడు. అక్కడి కమ్యూనిస్టు యువతి లిట్జీ ఫ్రీడ్‌మన్‌ను వివాహమాడి ఆమెను రక్షించి తెచ్చాడు. 1934 జూన్‌లో లండన్ రీజెంట్ పార్కులో ఆర్నాల్డ్ డాయిచ్ అనే సోవియట్ ప్రతినిధిని కలుసుకున్నాడు. పార్టీలో చేరవద్దు, ఎర్రజెండా మిత్రులను వదలివేయి, నీ కులీన కుటుంబం తెరిచే తలుపుల గుండా లోనికి వెళ్ళు అన్నది అతనికి అందిన ఆదేశం. అప్పగించిన తొలి పనుల్లో ఒకటి, తండ్రి కాగితాలను రహస్యంగా వెదకడం. కొడుకు ఆ పని చేశాడు. అందులో వారికి పనికి వచ్చేదేమీ దొరకలేదు.

తరువాత అతడు నాజీ జర్మనీతో మైత్రిని కోరే సంఘంలో చేరాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో పక్షం నుండి టైమ్స్ పత్రికకు వార్తలు పంపాడు. 1937 డిసెంబరు 31న తెరువెల్ దగ్గర అతడున్న కారుపై గుండు పడి ముగ్గురు విలేఖరులు మరణించగా అతడు బయటపడ్డాడు. ఫ్రాంకో స్వయంగా అతనికి పతకం తగిలించాడు. ఇక ఎవరు అతణ్ణి కమ్యూనిస్టు అనగలరు?

1940లో బ్రిటిష్ విదేశీ గూఢచారి సంస్థ అయిన ఎం.ఐ.6 అతణ్ణి తీసుకున్నది. ఈ సందర్భంలో జరిగిన ఒక చిన్న సంఘటన మొత్తం కథకు ఇరుసు. సంస్థ ఉపాధిపతి వాలంటైన్ వివియన్ పూర్వం ఇండియాలో పోలీసు అధికారి, సెయింట్ జాన్‌ను ఎరిగినవాడు. కేంబ్రిడ్జ్‌లో మీవాడికి కమ్యూనిస్టు పోకడలు ఉండేవి కదా అని భోజనం బల్ల దగ్గర తండ్రినే అడిగాడు. అవి చదువుకునే రోజుల పిచ్చి, ఇప్పుడు బాగుపడ్డాడని తండ్రి బదులిచ్చాడు. విచారణ అక్కడితో ముగిసింది. మా వాళ్ళను మేము ఎరుగుదుము అనుకునే వర్గపు ధీమా అది. తండ్రి అబద్ధమాడాడని అనడానికి ఆధారం లేదు. తన కాగితాలు వెదికిన చేయి ఎవరిదో ఆయనకు తెలియదు.

హదీసు శాస్త్రం చదివినవారికి ఇక్కడ ఇమామ్ అలీ ఇబ్నుల్ మదీనీ గుర్తుకు రాక మానడు. ఇమామ్ బుఖారీకి గురువైన ఆ మహనీయుణ్ణి ఆయన సొంత తండ్రి ఉల్లేఖనాల గురించి అడిగారు. వేరెవరినైనా అడగమన్నాడు. మళ్ళీ అడిగారు. ఆయన కొంతసేపు తల వంచుకుని, ఇది ధర్మానికి సంబంధించిన విషయమని చెప్పి, తన తండ్రి బలహీన ఉల్లేఖకుడని ప్రకటించాడు. జర్హ్ వ తాదీల్ అనే విద్యను మన పూర్వికులు నిర్మించినది ఇందుకే. మనిషి వంశం మంచిది కావచ్చు, మాట తీరు మంచిది కావచ్చు. అతడు తెచ్చిన వార్త నిజమా అన్నది వేరే ప్రశ్న. వార్త తెచ్చినవాణ్ణి విచారించమని సూరె హుజురాత్‌లో వచ్చిన ఆదేశం మీదనే ఆ విద్య నిలిచింది. అదే సూరాలో కొన్ని ఆయతుల తరువాత ఇతరుల గుట్టు కూపీ తీయవద్దన్న నిషేధం కూడా ఉంది. రాజ్యాల గూఢచారి శాఖలు ఈ రెండింటినీ తలక్రిందులు చేసుకున్నాయి. ఊరందరి గుట్టూ లాగుతాయి, తమలోని మనిషిని మాత్రం అడగవు.

లోనికి వెళ్ళిన ఫిల్బీ శరవేగంగా పైకి వచ్చాడు. సమర్థుడు, శ్రమించేవాడు, మాట నత్తిగా వచ్చినా అందరికీ ఇష్టుడు. మొదట స్పెయిన్, పోర్చుగల్ దేశాలలోని జర్మన్ గూఢచారులను పట్టుకునే విభాగం అతని చేతిలో ఉండేది. 1944లో సోవియట్ గూఢచర్యాన్ని ఎదుర్కొనడానికి కొత్తగా పెట్టిన తొమ్మిదవ విభాగానికి అతడే అధిపతి అయ్యాడు. ఇది ఎంత విపరీతమో పాఠకులు గమనించాలి. ఎదుటి పక్షంలోని వారిని మెల్లగా తిప్పుకుని, వారి ద్వారా తమలో ఉన్న ద్రోహులెవరో తెలుసుకోవడమే ప్రతిగూఢచర్యం. రష్యా పక్షం నుండి ఎవరు వచ్చి ఎవరి పేరు చెప్పినా ఆ కాగితం మొట్టమొదట ఫిల్బీ బల్ల మీదికే చేరేది. దొంగ పేరు వ్రాసిన ఫిర్యాదు దొంగకే అందే ఏర్పాటు అది. 1946లో బ్రిటిష్ ప్రభుత్వం అతనికి ఓ.బి.ఇ. బిరుదు ఇచ్చింది. ఏదో ఒక రోజున సంస్థకు అధిపతి కాగలడని పలువురు తలచారు.

ఆ ఏర్పాటు ఎలా పనిచేసిందో 1945లో ఇస్తాంబూల్ చూసింది. అక్కడి సోవియట్ కాన్సులేట్‌లో ఉపకాన్సల్‌గా ఉన్న కాన్‌స్తాంతిన్ వోల్కోవ్ నిజానికి వారి గూఢచారి శాఖ అధికారి. ఆశ్రయమూ డబ్బూ ఇస్తే లండన్‌లోని సోవియట్ మనుషుల పేర్లు చెబుతానని ఆ సెప్టెంబరులో అతడు బ్రిటిష్ వారికి తెలియజేశాడు. వారిలో ఒకడు లండన్‌లో ప్రతిగూఢచర్య విభాగాన్ని నడిపేవాడని కూడా చెప్పాడు. తంతి సంకేతాలను రష్యావారు చదువుతున్నారని, కాగితాలను మనిషి చేత పంపమని కోరాడు. కాగితాలు లండన్ చేరాయి, ఫిల్బీ చేతికే వచ్చాయి. అతడు మాస్కోకు కబురు పంపి, ఈ వ్యవహారం చూడడానికి తానే ఇస్తాంబూల్ వెళతానని పై అధికారులను ఒప్పించాడు. ప్రయాణంలో ఆలస్యమయింది, విమానం వాతావరణం బాగులేక తూనిస్‌కు మళ్ళింది. అతడు చేరేసరికి వోల్కోవ్ అంటూ ఎవరూ లేరని కాన్సులేట్ జవాబిచ్చింది. కట్లు కట్టిన ఒక మనిషిని స్ట్రెచర్ మీద సోవియట్ విమానంలోకి ఎక్కించడం కొందరు చూశారు. వోల్కోవ్‌ను తరువాత రష్యాలో చంపివేశారు. ఫిల్బీ తన ఆత్మకథలో ఈ ఘట్టాన్ని తాను ఎంత సన్నగా తప్పించుకున్నాడో చెప్పడానికే వాడుకున్నాడు. స్ట్రెచర్ మీది మనిషి గురించి అతనికి బాధ ఉన్నట్లు ఆ పేజీలలో కనిపించదు.

1947 నుండి రెండేళ్ళు అదే ఇస్తాంబూల్‌లో ఎం.ఐ.6 కేంద్రానికి అధిపతిగా ఉన్నాడు. 1949 అక్టోబరులో వాషింగ్టన్ వెళ్ళి, అమెరికా సి.ఐ.ఎ.తో సంబంధాలు చూసే పదవి చేపట్టాడు. సి.ఐ.ఎ.లో అప్పుడే పైకి వస్తున్న జేమ్స్ ఏంగిల్టన్ అతనికి ప్రాణమిత్రుడు. ఇద్దరూ తరచూ హార్వీస్ హోటల్‌లో కలిసి భోంచేసేవారు. ఏంగిల్టన్ చెప్పినదంతా మాస్కోకు చేరేది.

ఆ కాలంలోని అల్బేనియా వ్యవహారాన్ని ముస్లిం పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. అధిక సంఖ్యాకులు ముస్లింలైన ఆ చిన్న దేశం 1944లో ఎన్వర్ హోజా కమ్యూనిస్టు పాలనలోకి వెళ్ళింది. ఇల్లూ వాకిలీ వదలి ఇటలీ, గ్రీసు శరణార్థి శిబిరాలకు చేరిన యువకులను బ్రిటన్, అమెరికా ఏరి, శిక్షణ ఇచ్చి, తిరుగుబాటు రగిలించమని వెనక్కి పంపాయి. బ్రిటిష్ వారు మాల్టా ద్వీపంలో తర్ఫీదు చేసిన తొలి జట్టు, తొమ్మిదిమంది, 1949 అక్టోబరులో చిన్న పడవ నుండి కరబురున్ ద్వీపకల్పంలో దిగారు. సైనికులు కాపు వేసి ఉన్నారు. కొందరు హతులయ్యారు, మిగిలినవారు ప్రాణాలు దక్కించుకుని గ్రీసు చేరారు. అయినా పంపడం ఆగలేదు. సముద్రం మీద, కొండల మీదుగా, తరువాత గొడుగు కట్టుకుని విమానాల నుండి దిగినవారు ఒక్కొక్క జట్టే పట్టుబడ్డారు. ఆశ్రయమిచ్చిన బంధువులనూ గ్రామస్థులనూ హోజా ప్రభుత్వం చెరసాలల పాలు చేసింది.

ఈ రక్తమంతా ఫిల్బీ ఖాతాలోనే వ్రాయడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది. పథకం ఉమ్మడి నిర్వహణ సమితిలో అతడు బ్రిటన్ తరఫు సభ్యుడు గనుక, దాని వివరాలు మాస్కోకు అందించాడన్న దానిలో సందేహం లేదు. కాని అతడు 1951లో పదవి నుండి తొలగిన తరువాత కూడా జట్లు అదే విధంగా పట్టుబడ్డాయి. శిబిరాలలో రహస్యం నిలిచేది కాదు. పట్టుబడిన వైర్‌లెస్ మనుషుల చేత అల్బేనియా పోలీసులు దొంగ కబుర్లు పంపించి కొత్తవారిని రప్పించుకునేవారు. 1954లో తిరానాలో జరిగిన విచారణతో గాని పథకం ముగియలేదు. ఒక ద్రోహి దొరకడం పంపినవారికి కూడా అనుకూలించింది: అన్నీ అతని మీదకు తోసి తమ అవివేకాన్ని కప్పుకోవచ్చు. ఆ యువకులకు సంబంధించినంత వరకు లండన్, వాషింగ్టన్, మాస్కో మూడూ పరాయి రాజధానులే. 1967లో హోజా మసీదులనూ చర్చీలనూ మూయించి మతమన్నదే నిషేధించినప్పుడు వారి తరఫున ఎవరూ పడవలు పంపలేదు.

ఫిల్బీ పతనం మిత్రుని వల్ల వచ్చింది. యుద్ధకాలపు సోవియట్ తంతి సందేశాలను అమెరికన్లు విప్పుతూ విప్పుతూ, బ్రిటిష్ విదేశాంగ శాఖలోని డోనాల్డ్ మక్లీన్ దాకా వచ్చారు. కేంబ్రిడ్జ్ పాత స్నేహితుడు గై బర్జెస్ వాషింగ్టన్‌లో ఫిల్బీ ఇంట్లోనే కాపురముండేవాడు. 1951 మే 25న మక్లీన్‌తో బాటు బర్జెస్ కూడా పారిపోయాడు. అనుమానం ఆ ఇంటి యజమాని మీద పడింది. సి.ఐ.ఎ. పట్టుబట్టడంతో అతణ్ణి వెనక్కి పిలిచి రాజీనామా చేయించారు. విచారణలో న్యాయవాది ఎంత గుచ్చి అడిగినా అతడు నత్తి చాటున కాలం గడిపి ఏమీ ఒప్పుకోలేదు. 1955 అక్టోబరులో కామన్స్ సభలో ఒక సభ్యుడు అతని పేరెత్తాడు. నవంబరు 7న విదేశాంగ మంత్రి మాక్మిలన్ అతడు ద్రోహి అనడానికి కారణం లేదని సభకు చెప్పాడు. మరునాడు ఫిల్బీ తల్లి ఇంట్లో విలేఖరులను పిలిచి, చిరునవ్వుతో అబద్ధమాడాడు. ఆ చలనచిత్రం ఇప్పటికీ చూడవచ్చు.

1956లో అబ్జర్వర్, ఎకానమిస్టు పత్రికల విలేఖరిగా బైరూత్ చేరాడు, ఎం.ఐ.6 మళ్ళీ చేరదీసింది. సఊద్ రాజు దుబారాను విమర్శించి 1955లో దేశబహిష్కృతుడైన తండ్రి, అప్పుడు లెబనాన్ కొండల్లో అజల్‌తూన్ గ్రామంలో ఉండేవాడు. కొంతకాలం తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో గడిపారు. అరబ్ రాజకీయాలలో ఎవరు ఎవరో కొడుకుకు తెలిపి, పెద్దవారితో పరిచయాలు కల్పించినవాడు తండ్రే. ఆ విషయాలు లండన్‌కూ వెళ్ళాయి, మాస్కోకూ వెళ్ళాయి. తండ్రి పోయిన తరువాత కిమ్ రోజుల తరబడి త్రాగి పడి ఉండేవాడని దగ్గరివారు వ్రాశారు.

1961లో సోవియట్ పక్షం నుండి గొలిత్సిన్ అనే అధికారి అమెరికాకు వచ్చాడు. 1930లలో ఫిల్బీ తనను కూడా ఆ పనిలోకి లాగజూశాడని ఒక పాత స్నేహితురాలు 1962లో బయటపెట్టింది. 1963 జనవరిలో ఎం.ఐ.6 అతని చిరకాల మిత్రుడు నికొలాస్ ఎలియట్‌ను బైరూత్ పంపింది. మిత్రుని ముందు ఫిల్బీ కొంత ఒప్పుకున్నాడు, చాలా దాచాడు. ఎలియట్ కాపలా పెట్టకుండానే వెళ్ళిపోయాడు. లండన్‌లో బహిరంగ విచారణ జరిగితే కలిగే అవమానం కంటే అతడు పోవడమే మేలని అనుకున్నారేమోనన్న వాదం నేటికీ ఉంది. ఆ నిర్లక్ష్యం చూస్తే దాన్ని కొట్టిపారవేయలేము. జనవరి 23 రాత్రి బ్రిటిష్ దౌత్యాధికారి ఇంటి విందులో భార్య ఎదురుచూస్తూ ఉండగా, అతడు రేవులోని సోవియట్ సరుకుల ఓడ ఎక్కి ఒడెస్సా వెళ్ళిపోయాడు.

మాస్కోలో అతడు ఆశించిన పదవి లేదు. తాను ఆ శాఖలో అధికారినని అతడు నమ్ముతూ వచ్చాడు. వారి లెక్కలో అతడు ఏజెంటు మాత్రమే. అసలు వారు అతణ్ణి ఏనాడూ పూర్తిగా నమ్మలేదు. యుద్ధకాలంలో, మాస్కోలో బ్రిటన్‌కు చెప్పుకోదగ్గ గూఢచారులు లేరని అతడు నిజమే తెలిపాడు. అంత మంచి వార్త నిజం కాజాలదని, ఇతడు బ్రిటిష్ వారు పంపిన మోసగాడేనని 1943లో వారు తీర్మానించారు. మొదట్లో అతణ్ణి నడిపిన అధికారులలో కొందరిని అంతకు ముందే స్టాలిన్ ప్రభుత్వం కాల్చివేసింది. అలాంటివారిలో ఒకడైన తియోడర్ మాలీ 1938లో హతుడయ్యాడు. ఈ సంగతి తెలిసి కూడా ఫిల్బీ కొనసాగాడు. ఆశయం కోసం చేశానన్న అతని మాటను పరీక్షించవలసినది ఇక్కడే. 1934లో ఫాసిజాన్ని చూసి చేసిన ఎన్నికను అర్థం చేసుకోవచ్చు. ఆ తరువాతి ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని తిరిగి తూచి చూడనివాడికి అది ఆశయంగా మిగిలిందా, అలవాటుగా మారిందా?

1977లో గాని అతణ్ణి కె.జి.బి. కార్యాలయానికి ఉపన్యాసానికి పిలవలేదు. 1981లో తూర్పు జర్మనీ గూఢచారులకు అతడు చేసిన ప్రసంగం 2016లో బి.బి.సి. ద్వారా వెలుగు చూసింది. సాయంత్రం సంచి నిండా దస్త్రాలు ఇంటికి తీసుకుపోయి, మరునాటి ఉదయం మళ్ళీ తెచ్చి పెట్టేవాణ్ణని అందులో చెప్పాడు. దస్త్రాలు భద్రపరిచే ఉద్యోగితో కలిసి త్రాగి స్నేహం చేసుకున్నాడట. ఏం జరిగినా ఒప్పుకోవద్దన్నది శ్రోతలకు అతని సలహా. బైరూత్‌లో ఎలియట్‌కు ఇచ్చిన ఒప్పుకోలుకు సంబంధించిన పత్రాలను 2025 జనవరిలో బ్రిటిష్ జాతీయ పత్రాగారం ప్రజల ముందు పెట్టింది.

1988 మే 11న అతడు మాస్కోలో మరణించాడు. సైనిక లాంఛనాలతో కుంత్సెవో స్మశానంలో పూడ్చారు. 1990లో సోవియట్ ప్రభుత్వం అతని బొమ్మతో ఐదు కోపెక్కుల తపాలా బిళ్ళ వేసింది.